మౌలానా సాబ్ అనని మాట

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్‌లో కాస్త జీతం పెరిగి, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే రోజుల్లో, ప్రశ్నను తెలివిగా అల్లితే ఎవరి చేతనైనా ‘సరే’ అనిపించవచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆఫీసులో నా పనే అది. సగం చేసిన పనిని కూడా క్లయింటు ఒప్పుకునేలా మెయిల్ రాసి, ఒక్క ‘ఓకే’ రాబట్టుకుని, దానికి అప్రూవల్ అని పేరు పెట్టడం. ఈ విద్యను నేను మసీదు దాకా తీసుకెళ్లాను. దానివల్ల ఒక పెద్దాయనకు చెడ్డపేరు వచ్చింది. ఆ లెక్క సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

సిగరెట్ మానేస్తానని మా ఆవిడకు మాటిచ్చి, వేప్ కొన్నాను, అంటే నికోటిన్‌ను ఆవిరిగా పీల్చే బ్యాటరీ గొట్టం. చూడ్డానికి పెన్నులా ఉండేది, మామిడిపండు వాసన. (సిగరెట్ ముట్టడం లేదని ఒట్టు కూడా వేశాను. అబద్ధం కాదు.) మణికొండలో మాతోనే ఉండే బావమరిది, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఐదు పూటలా నమాజు తప్పనివాడు, బాల్కనీలో నన్ను పట్టేసుకున్నాడు. "బావా, ఇది జాయిజేనా? మన మతంల నడుస్తదా? మౌలానా సాబ్‌ను అడుగు. ఆయన సరే అంటె నోరు మూసుకుంట. లేకుంటె అక్కకు చెప్త."

మా ఆఫీసు వెనక గల్లీలో చిన్న మసీదు ఉంది. అక్కడి మౌలానా సాబ్, నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నా ఉర్దూ విని జాలిపడి, నాతో తెలుగులోనే మాట్లాడేవారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక పక్కన చేరి, జలుబు చేస్తే మంచి వాసనదేదైనా వేసి ఆవిరి పట్టుకోవచ్చా హజ్రత్ అని ఎంతో వినయంగా అడిగాను. ఆయన నా నుదురు తాకి చూసి, పట్టుకో బేటా, అందులో ఏముంది అన్నారు. నాకు అప్రూవల్ వచ్చేసింది. ఇంటికొచ్చి, మంచి వాసన ఉన్న ఆవిరి పీల్చవచ్చని మౌలానా సాబ్ చెప్పారన్నాను. ఒక్క జలుబునే వదిలేశాను.

బావమరిది నమ్మాడు. నమ్మి ఊరుకోకుండా, శుక్రవారం నమాజుకు వచ్చే స్నేహితులందరికీ ఈ శుభవార్త చేరవేశాడు. నెల తిరిగేసరికి మసీదు మెట్ల దగ్గర మామిడి, పుదీనా, స్ట్రాబెరీ గుబాళింపు. రంజాన్‌లో ఒకరిద్దరు రోజా ఉపవాసం ఉండి కూడా పీల్చారట, ఆవిరే కదా అని.

ఒక శుక్రవారం మసీదు కమిటీ పెద్ద ఒక వేప్‌ను పైకెత్తి, దీనికి మీరు ఒప్పుకున్నారటగా అని అందరి ముందే మౌలానా సాబ్‌ను నిలదీశాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అలాంటి వస్తువును చూడడం ఆయనకు అదే మొదలు. తర్వాత మూడో వరసలో ఉన్న నన్ను చూశారు. నేను తివాచీని చూశాను. (దాని మీద ఎన్ని పువ్వులున్నాయో ఇప్పటికీ చెప్పగలను.) ఒంటికి చేటు చేసేది, మనిషిని బానిసను చేసేది మనకు తగదని, రోజాలో పీలిస్తే ఆ రోజా పోయినట్టేనని, దానికి బదులు మళ్లీ ఒకటి ఉండాలని ఆయన ఓపికగా విడమరిచారు. చివరికి, "నేనే సరిగ్గ అడగకుండ జవాబు చెప్పిన. తప్పు నాది" అన్నారు.

కుర్రాళ్లు ఆయనకు ‘వేప్ మౌలానా’ అని పేరు పెట్టారు. రెండు నెలల్లో కమిటీ ఆయన స్థానంలో ఇంకొకరిని తెచ్చుకుంది. నేను నోరు విప్పలేదు. (వేప్ మాత్రం తర్వాత మానేశాను. నా గొప్పేం లేదు. ప్రభుత్వం నిషేధించాక దొరకడం కష్టమైంది.)

పోయిన ఏడాది, ఊరి చివర ఒక మసీదులో పిల్లలకు చదువు చెబుతున్న ఆయన్ను వెతికి పట్టుకుని, ముందు కూర్చుని అంతా చెప్పుకున్నాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. నువ్వు తివాచీ వైపు చూసినప్పుడే సమజైంది అన్నారు. మరి ఆ రోజే నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తవేమోనని చూసిన, బేటా."

ఆ పై శుక్రవారమే పాత మసీదుకు వెళ్లాను. నమాజు కాగానే లేచి నిలబడి, ఆ మౌలానా సాబ్ ఎన్నడూ ఆ మాట అనలేదని, మోసం చేసి అడిగింది నేనని చెప్పాను. అన్నీ కొత్త ముఖాలు. మీటింగుకు ఆలస్యమవుతోందని సగం మంది అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒకతను మాత్రం మర్యాదగా ఆగి, "ఏ మౌలానా, అంకుల్?" అన్నాడు. మొదటి నుంచి చెప్పాను. విని, పాపం ఆయన అని వెళ్లిపోయాడు. మసీదు నిండా వినాల్సిన మాటను ఒక్కడు విన్నాడు. ఒకప్పటి నాలోని ఆ తెలివైనవాణ్ణి తలచుకుని, మెట్ల మీద నిలబడి నవ్వుకున్నాను. ఏడుద్దామంటే చుట్టూ జనం మరి.