తార్నాకను దివాలా తీయించిన నా గ్రాఫు

మొన్న సోమవారం మా డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో నా పరువు ఎట్లా పోయిందో చెప్తా, ముందు ఆ చాయ్ ఇటివ్వండి. ఏడవాలో నవ్వాలో నాకింకా తేలలేదు.

నాది ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అని తెలుసు కదా. తార్నాకలో నేను అద్దెకుండే గల్లీలోనే నా సర్వే. ఇంటింటికీ పోయి నెల ఆదాయం అడగాలి. అన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, సరిగ్గా నడుమనున్న ఇంటి ఆదాయం చూడాలి. అదే మీడియన్. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అవే ఇళ్ళకు పోయి, అది పెరిగిందో తగ్గిందో చెప్పాలి. మా గైడ్ మేడమ్ ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద సంతకం పెడితేనే ఇంకో ఏడాది ఫెలోషిప్. లేదంటే పెట్టె సర్దుకోవడమే!

మొదటిసారి మా ఓనర్ సుగుణ ఆంటీ వెంటబెట్టుకుని తిప్పింది. అబ్బో, ఏం మర్యాద! ప్రతి ఇంట్లో చాయ్, మిక్చర్. అడిగిందే తడవుగా జీతాలు చెప్పారు. "మావోనికి ఓవర్‌టైమ్ గూడ వస్తది, గది గూడ రాస్కో బిడ్డా" అన్నదొక పెద్దమ్మ. జనానికి రీసెర్చ్ అంటే ఇంత గౌరవమా అని పొంగిపోయాను.

ఈసారి ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. నేనొక్కణ్నే పోయాను. మెడలో యూనివర్సిటీ ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. అచ్చం ఆఫీసర్‌లా ఉన్నానని అద్దంలో చూసుకుని మురిశాను కూడా. ఆ మురిపెమే కొంప ముంచింది!

మొదటి ఇంటాయన "ఏం ఆదాయం సార్, ఆరేడు వేలొస్తే గొప్ప" అన్నాడు. వాకిట్లో కారుంది. "గది మాది గాదు సార్, మా తోడల్లునిది. గీడ పెట్టిపోయిండు." పక్కింట్లో ఏసీ మీద దుప్పటి కప్పారు. "ఖరాబైంది సార్." రూమేమో చల్లగా ఉంది! మరి నేనేం చేశాను? జాలిపడ్డాను. ట్యాబ్‌లో ఆరువేలని కొట్టి, బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను. ఆ బాధలోనే 'చితికిపోయిన కుటుంబాలు' అని పన్నెండు పేజీల చాప్టర్ కూడా రాసి పారేశాను.

సోమవారం నా గ్రాఫు స్క్రీన్ మీద పడింది. గీత మెట్ల మీంచి జారినట్టు కిందికి. మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"శ్రీకాంత్, నేనూ తార్నాకలోనే ఉంటాను. ఈ రెండేళ్ళలో మా రోడ్డులో ఒక జిమ్, రెండు బిర్యానీ సెంటర్లు వచ్చాయి. మీ గల్లీలో మాత్రం భూకంపం వచ్చిందా?"

జూనియర్లు కూడా నవ్వారండీ! "ఫ్రైడే లోపల ఏది నిజమో తేల్చుకుని రా, అప్పుడు చూద్దాం సంతకం" అన్నారు మేడమ్.

ఇంటికొస్తే గేటు దగ్గరే సుగుణ ఆంటీ. "శ్రీకాంత్, మా రేషన్ కార్డు ఎప్పుడొస్తది?"

"ఏ రేషన్ కార్డు ఆంటీ?"

"గదే, నువ్వు మెడల కార్డేస్కొని రాస్కపోయినవ్ గద! నేనే గల్లీల అందరికి చెప్పిన, మన పిలగాడే ఎంక్వైరీకి వస్తుండు, జర తక్కువ చెప్పుండ్రి అని."

"పోనీ, రెండేళ్ళ కింద చెప్పిందన్నా నిజమేనా?"

"గప్పుడు మీ అమ్మ ఫోన్ జేసి నీకు సంబంధం చూడమన్నది. నువ్వేమో ఇల్లు సొంతమా, ఎవలెంత సంపాయిస్తరు అని అడగవడ్తివి. ఆడపిల్లలున్నోళ్ళు తక్కువ చెప్పుకుంటరా?"

"మరి ఆడపిల్లల్లేనోళ్ళు?"

"పక్కింటోళ్ళ కన్న తక్కువైతరా ఏంది!"

అయిపోయింది. రెండేళ్ళ కష్టం! ఒకసారి పెళ్ళికొడుకుగా పోయాను, ఒకసారి రేషన్ సార్‌గా పోయాను. స్టూడెంట్‌గా మాత్రం ఒక్క గడపా తొక్కలేదు. నిజంగానే ఏడుపొచ్చింది. మెట్ల మీద కూలబడ్డాను.

"మీ కాళ్ళు మొక్కుత ఆంటీ, ఒక్క మీ ఇంటిదన్నా నిజం చెప్పండి. ఎవ్వరికీ చెప్పను."

ఆంటీ మెత్తబడింది. "సరే. ముందు నీకెంతొస్తదో చెప్పు. గప్పుడు నేను చెప్త."

న్యాయంగానే అనిపించింది. నా ఫెలోషిప్ రూపాయి దాచకుండా చెప్పేశాను.

ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మరి అద్దె పెంచుతనంటే ఫెలోషిప్ సగమే వస్తున్నదంటివి?"

నేను లేచి ప్యాంటు దులుపుకున్నాను.

"ఒకటో తారీకు నుంచి వెయ్యి ఎక్కువియ్యి" అని లోపలికి పోతోంది.

"మీ ఆదాయం ఆంటీ?"

"కార్డు రానీ, చెప్త." తలుపేసుకుంది.

ఇదీ కథ. ఎల్లుండే ఫ్రైడే. గల్లీ మొత్తంలో నిజం చెప్పిన ఇల్లు నాకు ఒక్కటే దొరికింది, ఆంటీ మేడ మీద నేనుండే బ్యాచిలర్ గది. ఉన్నది ఒక్కటే కాబట్టి మీడియనూ అదే. మేడమ్ సంతకం పెట్టకపోతే వచ్చే నెల నుంచి అది సున్నా. అప్పుడు కిందికి జారే నా గ్రాఫు మొదటిసారి నిజం చెప్తుంది!