పైముక్క కోయని రోజు

మా వదిన ఆసుపత్రి ల్యాబులో జెల్ పోసే మనిషి. ఏం పనమ్మా అని ఎవరైనా అడిగితే "జల్లెడ పట్టే పని" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. రెండు గాజు పలకల మధ్య జెల్ పోసి, అది గట్టిపడ్డాక పైన వరసగా ఉన్న గుంటల్లో కండరం నుంచి తీసిన రసం వేసి కరెంటు పెడుతుంది. చిన్న ప్రోటీన్లు చంటిపిల్లల్లా సందుల్లోంచి కిందికి జారిపోతాయి. పెద్దవి మూటలు మోసేవాళ్లలా వెనకబడతాయి. ఎంత దూరం పోయిందన్నదాన్ని బట్టి అదెంత పెద్దదో చెబుతారు.

వదిన పోసిన జెల్‌లో ఒక్క బుడగ ఉండదు. దేవుడు కొందరి చేతికి రుచినిస్తాడు, ఆవిడ చేతికి నిలకడనిచ్చాడు. రుచి సంగతి మా అన్నయ్యను అడగండి.

ఒక మధ్యాహ్నం నేను వదినకి భోజనం క్యారియర్ తీసుకుని వెళ్లేసరికి వరండా బల్ల మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఒడిలో కొడుకు నిద్రపోతున్నాడు. నడుస్తూ నడుస్తూ కూలబడిపోయే పిల్లవాడు. కండరాన్ని కాపాడే ప్రోటీన్ వాడిలో ఉందో లేదో తేలాలి. అసలే లేకపోతే కొన్నేళ్లలో నడక పోతుందని, కొంచెమైనా ఉంటే చాలాకాలం నడిచే అవకాశముందని డాక్టరమ్మ ముందే చెప్పింది.

నేను ల్యాబు తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల ఫలితం వచ్చింది. ప్రోటీన్ ఉంటే గీతలా కనబడాలి, పిల్లవాడి వరస ఖాళీ. డాక్టరమ్మ రిపోర్టు రాయబోయి ఆగింది.

"అక్కా, జబ్బు లేనివాళ్ల రసం పక్కన వేశాం కదా. అందులోనూ లేదేంటి?"

వదిన వంగి చూసి నాలుక కరుచుకుంది. "మేడమ్... పైముక్క కోసి పారేశాను."

గుంటలున్న ఆ పై పట్టీ ఎందుకూ పనికిరాదని, పైగా ముడతలు పడి అడ్డమొస్తుందని ప్రతిసారీ కోసేయడం అలవాటు. కానీ ఈ ప్రోటీన్ మహా భారీది. రోజూ పోసే చిక్కటి జెల్‌లో గడప దాటలేక పైనే ఇరుక్కుపోయింది. వదిన ఆ గడపనే కోసి చెత్తబుట్టలో వేసింది.

"తప్పు నాదే మేడమ్."

"నేనూ పక్కనే ఉన్నానుగా అక్కా. ఇద్దరం కలిసే కోశాం అనుకోండి."

ఆ ఒక్క మాటకు డాక్టరమ్మను కన్న తల్లి కడుపు చల్లగా ఉండాలి.

రసం ఇంకొక్కసారికే మిగిలింది. ఈసారి పలచటి జెల్ పోయాలి, పైముక్క కోయకూడదు. అదేమో సరిగా తోడుకోని పెరుగులాంటిది, ఎత్తబోతే చినుగుతుంది. చినిగిందా, పిల్లవాడి తొడలోంచి మళ్లీ కండరం ముక్క తీయాలి.

వదిన బయటికొచ్చి నా చేతిలోని క్యారియర్ ఆ తల్లి పక్కన పెట్టింది. "నా పొరపాటు వల్ల మళ్లీ చేయాల్సొచ్చిందమ్మా. రేపటిదాకా ఆగాలి. ముందు నువ్వు తిను, బాబుకీ పెట్టు."

"మరి నువ్వు వదినా?" అన్నాను.

"నీ వంట తప్పించుకునే దారి ఇన్నాళ్లకు దొరికింది, చెడగొట్టకు."

మర్నాడు నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. గాజు పలక తీయగానే జెల్ వణికింది. వదిన తడి కాగితాన్ని దాని మీద ఆనించి, అంగుళం అంగుళం పైకి తీసింది. డాక్టరమ్మ రెండో అంచు పట్టుకుంది.

"ఊపిరి తీసుకోండి మేడమ్, జెల్ ఏమీ అనుకోదు" అంది వదిన.

చినగలేదు. ఆ ప్రోటీన్‌ను మాత్రమే పట్టి చూపే మందు వేశాక, జబ్బు లేనివాళ్ల వరసలో పైన దట్టమైన గీత తేలింది. పిల్లవాడి వరసలోనూ ఒకటుంది, పలక మీద చెరిపేసిన సుద్దగీతలా.

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఉంది. కానీ నిండుగా ఉందా, ఎక్కడైనా తెగిందా అన్నది జెల్ చెప్పలేదక్కా. పెద్ద మిషన్ ఉన్నచోటికి పంపుదాం. ఆమెకు మీరే చెప్పండి."

వదిన వరండాలోకి రాగానే తల్లి లేచి నిలబడింది. "ఉందా అమ్మా?"

"ఉందమ్మా. కొంచెమే, కానీ ఉంది. ఎంత గట్టిదో నా జెల్‌కి తెలీదు. తెలీనిది తెలిసినట్టు నీకు చెప్పను. ఇంకో పరీక్షకి పంపుతున్నాం."

ఆమె వదిన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మందులచీటీ పట్టుకుని వరండా బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఆవిడెవరని అడగలేదు. అయినా నేనే చెప్పాను, "మా వదినండీ."