మాట్లాడని పిల్ల హాజరు

చోడవరం బడిలో నేను మేస్టారుగా కొత్తగా చేరిన రోజులు. మూడో తరగతిలో ఒక పిల్ల, తల్లి పోయినప్పటి నుంచి నోరు విప్పడం మానేసింది. హాజరు పిలిస్తే పలికేది కాదు. పలకకపోతే రానట్టేనని, ఎదురుగా కూర్చున్నా ఆబ్సెంటు వేసేవాణ్ణి. అంత మూర్ఖుణ్ణి.

క్లాసు లీడరూ ఆడపిల్లే. అల్లరివాళ్లను అదుపు చెయ్యమని బెత్తం ఇచ్చాను. అది బెత్తం గోడవార పెట్టేసి, ఆ పిల్ల పక్కన కూర్చుంది. నేను పేరు పిలవగానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పైకెత్తేది.

"దాన్నొగ్గేయండి మేస్టారూ. పలికినప్పుడే పలుకుతాది," అంది.

చెరుకు నరికే రోజుల్లో ఒక ఉదయం లీడరు పేరు పిలిస్తే జవాబు లేదు. ఆబ్సెంటు వెయ్యబోతుంటే దాని ఖాళీ చోటు పక్క నుంచి సన్నని గొంతు వినబడింది.

"దానికి జొరమండి. రేపొస్తాది."

ఆ రోజు ఇద్దరికీ హాజరు వేశాను.