చెరుకు మిషన్‌లో నల్లరేగడి

మట్టి పరీక్షల గదిలో ఓవెన్ తలుపు తీయగానే కమ్మటి వేడి వాసన ముఖానికి కొడుతుంది. నాకు వెంటనే సులోచన మేడం గుర్తొస్తారు. నిజామాబాద్ మట్టి పరీక్షా కేంద్రంలో నాకు తొలి ఉద్యోగం ఇచ్చింది ఆమే. ఇంటి అల్లుడి గురించి చెప్పినట్టే నీళ్ల గురించి చెప్పేవారామె: ఎక్కడ అలుగుతాయో, ఎక్కడ మొండికేస్తాయో అన్నీ తెలుసు.

ఒక ఎండాకాలం బోధన్ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఇద్దరి చేలకూ ఒకటే బోరు. మోటారు గది తాళంచెవి అన్న పోశెట్టి మొలతాడుకు ఉంటుంది. తమ్ముడు గంగారాం చెరుకు వాడిపోతోంది. అయినా అన్న నీళ్లు వదలనంటున్నాడు. సాక్ష్యానికి తమ్ముడి చేనులోంచే ఒక రేగడి మట్టి పెడ్డ తవ్వి సంచిలో తెచ్చాడు.

"పట్టి సూడుండ్రి మేడం, ఎంత సల్లగున్నదో! గింత తడి వెట్టుకొని మల్ల నీళ్లంటడు."

"ఆకులు సుట్టుకపోతున్నయే అన్నా. ఇగ పొయ్యిల వెట్టుడే," అన్నాడు గంగారాం.

మేడం పెడ్డను అటూ ఇటూ తిప్పి చూశారు. "రేగడిల సందులు కండ్లకు ఆనవు పోశెట్టన్నా, అంత సన్నం. గంత ఇరుకుల వడ్డ నీళ్లు మట్టిని కరుసుకుంటయి. మా ఓవెన్‌ల బాగా కాలిస్తే గాని వదలవు. వేరు గుంజితే వస్తయా?"

"పిండితే ఎందుకు రావు?" అని పోశెట్టి పళ్లు బిగించి, చెమటలు కారేలా పిసికాడు.

"నీళ్లు కారినయన్నా, నీ నెత్తి మీదికెల్లి," అన్నారు మేడం.

చెరుకు పండించే మనిషి కదా, చేతికి లొంగనిది మిషన్‌కు లొంగుతుందని అతని నమ్మకం. పెడ్డ పట్టుకుని తిన్నగా రోడ్డవతలి చెరుకు రసం బండి దగ్గరికి నడిచాడు. మేడం ఆపుతారనుకున్నాను. ఆమె అతనికంటే ముందే రోడ్డు దాటారు!

"మిషన్ ఖరాబైతది మేడం!" బండివాడు లబలబలాడాడు.

"నేనే కడిగిస్త, తిప్పు."

పెడ్డ రొట్టెలా చదునై బయటికొచ్చింది. జనం మూగారు. ఎవరో "పెద్ద గ్లాసా, చిన్న గ్లాసా?" అని కేకేశారు. పోశెట్టి మిషన్ కింద పెట్టిన గ్లాసు లోపలికి తొంగిచూశాడు. బోర్లించి మరీ చూశాడు. ఒక్క చుక్క లేదు.

"మిషన్‌కే లొంగనిది, నీ తమ్ముని చెరుకు వేర్లకు లొంగుతదా?" అన్నారు మేడం.

పోశెట్టి గ్లాసును బండి మీద పెట్టేశాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తమ్ముడి చేతిలో పెట్టి, "ఇయ్యాల నీళ్ల వంతు నీదే, పో," అన్నాడు. గంగారాం మా గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు మరిచిపోయి బస్టాండుకు పరుగెత్తాడు.

మేడం చీర కొంగు బిగించి ఆ మిషన్‌ను తోముతూ కూర్చున్నారు. గొణుక్కుంటూ నేనూ తోమాను.

ఆమె ఇప్పుడు లేరు. ఆ లోటు నాకు తీరలేదు. ఎవరినైనా చూసి "వాడికేం, అన్నీ ఉన్నాయి కదా" అని జనం అంటే నేను వెంటనే తలూపను. ఉన్నవి వాడికి అందుతున్నాయా అని అడుగుతాను.