నేను కొట్టని తలుపు

దయ్యాలతో నాకెప్పుడూ పరిచయం లేదు. నెల్లూరులో ఫిజిక్సు చదివినవాణ్ణి. హాస్టలు వెనకాలే శ్మశానం ఉన్నా, నన్ను భయపెట్టింది మాత్రం మెస్సులో సాంబారే. ఇది చదివాక మీరు దయ్యం అనుకుంటే మీ ఇష్టం. నేనైతే ఆ మాట అనను. ఇంకో మాట దొరక్క ఇన్నేళ్లూ ఊరుకున్నానంతే.

అరవైల చివర్లో, కోట అనే ఊరు దాటాక సముద్రం వైపు, సరుగుడు తోటల మధ్య మా ఆఫీసు ఉండేది. గాలినీ సముద్రాన్నీ కొలవడం మా పని. మద్రాసులో ఎవరో వాడి వాడి విసిగిపోయిన కంప్యూటరును లారీలో తెచ్చి మాకిచ్చారు. దాని గదికి చల్లగాలి మిషను కూడా పెట్టారు. దాంతో ఆఫీసులో అందరికీ కంప్యూటరు మీద ఆసక్తి పెరిగింది, ముఖ్యంగా మే నెలలో.

దానికి ప్రోగ్రాములు రాసేది నేను. నడిపేది మస్తాన్. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఏడేళ్లుగా టెంపరరీ. నేను చెప్పబోయేది జరిగిన నెలలోనే అతన్ని పర్మనెంటు చేసే కాగితం మద్రాసు వెళ్లాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది మా ఆఫీసరు రమణయ్య గారు.

ఇక్కడ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. ఇంట్లో ఒకామె వంట చేస్తుంటుంది. ఎవరో తలుపు కొడతారు. మంట తగ్గించి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, వెళ్లి వచ్చినవాళ్ల పని చూసి, తిరిగొచ్చి గరిటె అందుకుంటుంది. కంప్యూటరూ అంతే. లెక్క మధ్యలో ఏదో ఒక పరికరం పిలుస్తుంది. ఆ పిలుపును ఇంటరప్టు అంటారు. పిలిస్తే ఏం చేయాలో చెప్పే చిన్న ప్రోగ్రాము ఒక్కో పరికరానికీ ఒకటుంటుంది. ఇప్పటివాళ్లు డ్రైవరు అంటున్నారు.

అయితే బయట ఎవరూ లేకపోయినా ఇంట్లోవాళ్లే తలుపు కొట్టుకునే వీలుంది. ప్రోగ్రాములో ఒక్క ఆదేశం రాస్తే చాలు, పరికరమే పిలిచిందనుకుని యంత్రం లేచి వెళ్తుంది. పరికరం రాకముందే డ్రైవరును పరీక్షించుకోవడానికి అది పనికొస్తుంది. నేను దాన్ని ఇంకో పనికీ వాడాను. రోజూ నాలుగింటికి, ఎవరూ తాకకుండానే, కంప్యూటరుకు తగిలించిన టైపు మిషను ఇంగ్లీషులో టీ అని కొట్టేది. యంత్రం చెడిపోయిందని రమణయ్య గారు మద్రాసు ఇంజనీర్లకు మూడు ఉత్తరాలు రాశాక ఒప్పేసుకున్నాను. ఆయన నవ్వలేదు.

నవ్వకపోగా ఒక నియమం పెట్టారు. ఇకమీదట ప్రతి పిలుపు పక్కనా ఒక అంకె అచ్చు పడాలి. బయటి నుంచి వస్తే ఒకటి, ప్రోగ్రామే పిలుచుకుంటే రెండు.

సముద్ర మట్టం కొలిచే మీటరు ఒకటి మాకు రావాల్సి ఉంది. పరికరాలను యంత్రానికి కలిపే తీగల్లో ఏడో లైను దానికి కేటాయించి డ్రైవరు రాసిపెట్టాను. లోపలి నుంచి పిలిచి చూస్తే బుద్ధిగా వెళ్లి, ఏమీ లేనిచోట సున్నా చదివి, సున్నా అచ్చేసింది. ఎన్నిసార్లు పిలిచినా సున్నాయే. ప్రోగ్రామును చిల్లులుగా పొడిచిన ఆ పరీక్ష కాగితపు టేపును సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం మస్తాన్ గాలి లెక్కల టేపు ఎక్కించాడు. నేను ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. లెక్క మధ్యలో ఆగింది. టైపు మిషను ఏడో లైను పేరుతో వరసగా ఏడు అంకెలు కొట్టింది: 41, 43, 47, 52, 56, 58, 57. ప్రతిదాని పక్కనా రెండు. తర్వాత ఏమీ జరగనట్టు యంత్రం గాలి లెక్క అందుకుంది.

మస్తాన్ నావైపు చూశాడు. "అన్నా, మళ్లా మొదలుపెట్టినావా?"

"నేను కాదు."

"టీ అప్పుడు గూడా ఇదే చెప్పినావు."

నిజమే. టేపంతా చిల్లు చిల్లూ చదివాను. ఆ ఆదేశం లేదు. పాత పరీక్ష యంత్రంలో మిగిలిపోయిందేమో అనుకుంటే, పొద్దున్నే దాని జ్ఞాపకమంతా తుడిచి మొదలుపెట్టాం. ఒకవేళ మిగిలినా సున్నాలే రావాలి కదా. ఏడో లైను చివర చూశాను. బిగించిన మూత, మూత మీద సాలెగూడు. సాలీడును వివరణ అడగలేదు.

మద్రాసు పంపాల్సిన కాగితంలో ఆ అంకెలు అడ్డంగా పడ్డాయి. రమణయ్య గారు ఇద్దర్నీ పిలిచారు.

"రెండు అని పడిందంటే మనిషి రాసిందే. నువ్వు కాదంటావు. అయితే టేపు ఎక్కించినవాడు చేసుండాల. యంత్రంతో ఆటలాడేవాడి కాగితం మీద నేను సంతకం పెట్టను."

"నేను తాకలేదు సార్" అన్నాడు మస్తాన్.

నేను తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఆ ఏడు అంకెలూ నేనే ముందుగా ఎంచి పెట్టి, లోపలి పిలుపుతో అచ్చు వేయించానని రాసి సంతకం చేశాను. ఆ నేరం నాకు కుట్టించినట్టు సరిపోయింది. రుజువులు ఎవరూ అడగలేదు. నాకు మందలింపు ఉత్తరం వచ్చింది, మస్తాన్ కాగితం మద్రాసు వెళ్లింది. చేయని తుంటరిపనికి నాకు శిక్ష పడింది అదొక్కసారే. చేసినవాటికి పడనివి చాలా ఉన్నాయి కనక ఫిర్యాదు లేదు.

అయిదు నెలలకు మీటరు వచ్చింది. మద్రాసు మనుషులు ఇద్దరు దాన్ని నీళ్లలో గుంజకు బిగించి, కొలత మొదలయ్యే సున్నా గీత అప్పటికప్పుడు వాళ్లకు వీలైన చోట పెట్టారు. అది ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. మస్తాన్ సాలెగూడు దులిపి ఏడో లైను కలిపాడు. పొద్దున తొమ్మిది నుంచి గంటకొక పిలుపు. మూడింటికి ఏడు అంకెలయ్యాయి.

41, 43, 47, 52, 56, 58, 57. ప్రతిదాని పక్కనా ఒకటి.

మస్తాన్ తన డబ్బాలోంచి పాత కాగితం కార్బను కాపీ తీసి పక్కన పరిచాడు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి పోల్చాడు. "నువ్వు చేసినావనే అనుకున్న్యానన్నా ఇన్నాళ్లూ" అన్నాడు మెల్లగా.

రమణయ్య గారూ చూశారు. "నీకెట్లా తెలుసు?"

కాదందామంటే నా సంతకం ఆయన ఫైల్లో ఉంది. అది అబద్ధమైతే మస్తాన్ కాగితం మళ్లీ మొదటికొస్తుంది. "ఊహించాను సార్" అన్నాను.

"అయిదు నెలల ముందా?"

"సముద్రం కదా సార్. పెద్దగా మారదు."

ఆయన రిటైరైన రోజు, మెడలో దండతోనే నన్ను పక్కకు పిలిచారు. "ఇప్పుడైనా చెప్పవయ్యా." మస్తాన్ అప్పటికి సీనియరు, ఇక ఎవరూ కదిలించలేరు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ కాగితం అబద్ధమనీ, ఆ మధ్యాహ్నం లోపలి నుంచి ఏడుసార్లు తలుపు కొట్టిందెవరో నాకూ తెలియదనీ. ఇప్పటికీ అంతకు మించి తెలియదు.

"మళ్లీ మొదలుపెట్టావా" అని రమణయ్య గారు నవ్వారు. నా మాటకు ఆయన నవ్వడం అదే మొదటిసారి.