రెండోసారి పొంగిన పాలు

ఆ రోజుల్లో నాకు జాలిగుణం కాస్త ఎక్కువే. మహదేవపురలో నాయన తాపీపని చేసిన పెద్ద అపార్ట్‌మెంటుకి లారీల్లో సామాన్లేసుకుని ఎవరు దిగినా "అయ్యో పాపం!" అనుకునేదాన్ని. అక్కడి ప్రతి గోడా మాకు తెలుసు, వాళ్ళకేమో లిఫ్టు ఎటుందో కూడా తెలీదు. (మేముండేది వెనక రేకుల షెడ్డులో. ఆ సంగతి నా జాలికి ఏనాడూ అడ్డురాలేదు.)

నాకు పదేళ్ళప్పుడు అక్కడి క్లబ్‌హౌసులో పిల్లలకు కథల పోటీ పెట్టి, షెడ్డు పిల్లల్నీ పిలిచారు. అంశం 'వలస'. "సొంతూరు వదిలి, తెలియని చోటికి వచ్చినవాళ్ళ కష్టాలు ఏ భాషలోనైనా రాయండి" అంది పోటీ పెట్టిన కళ్ళజోడు అక్క. అది ఊరొదిలి పనికొచ్చిన మా గురించేనని నాకు తట్టనే లేదు. ఆ కష్టజీవి ఎవరో నాకు తెలుసు కదా! మూడో అంతస్తులో దిగిన తులసికోట ఆంటీ (లారీలోంచి ముందు దిగింది ఆ కోటే). ఆమెకు ఆ ఊళ్ళో మాట్లాడే కన్నడం రాదు, మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మతో ఫోన్లో ఏడుస్తుంది, ఆ ఇంట్లో ఇదే మొదటి వంట అని మురిసిపోతూ పాలు పొంగించుకుంది. కానీ ఆ అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు, తలుపులు పెట్టకముందు ఆ వంటగదిలో ఉన్నది మేమే, అక్కడ మొదట ఉడికింది మా అమ్మ చేసిన రాగిసంకటి అని రాసి, కాగితం ఇచ్చేసి, ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను.

"కొంప ముంచినావు గదే పాపా!" అన్నాడు నాయన. "పాలు పొంగించుకున్న ఇల్లు ఎంగిలిదంటే ఆయమ్మ ఊరుకుంటాదా? షెడ్డు ఖాళీ చెయ్యమంటే యాడికి పోదుము?" తెలుగులో రాసింది నేనొక్కదాన్నే. తెలుగు చదవగలిగింది తులసికోట ఆంటీ ఒక్కరే. ఇక న్యాయనిర్ణేత ఎవరో వేరే చెప్పాలా!

మర్నాడు ఆమే కాగితం పట్టుకుని షెడ్డుకొచ్చింది. నోరు తెరవకముందే నాయన చేతులు జోడించాడు. "తెలీని బిడ్డమ్మా, తప్పయిపోయినాది."

ఆమె అమ్మ వైపు తిరిగింది. "సంకటి వండింది మీరేనా? నేనొచ్చి ఆర్నెల్లయిందండీ. నా ఏడుపు చూసింది ఈ పిల్లొక్కతే. రండి, మీ ఇల్లు చూద్దురుగాని."

అమ్మ లిఫ్టు దగ్గరే చెప్పులు విడిచేసింది. నేను మాత్రం తిన్నగా లోపలికెళ్ళి, ఫ్రిజ్ పక్కన నిలబడి, "నేను పడుకునేది ఇక్కడే" అని ప్రకటించాను. అమ్మ వంటగది గడప దాటలేదు. ఆంటీయే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కాఫీ ఇచ్చింది. నాకు జామెట్రీ బాక్స్ వచ్చింది. తెలుగులో మొదటి బహుమతీ నాదే, చివరిదీ నాదే.

నిరుడు నేనూ ఒక కొత్త ఫ్లాటులో అద్దెకు దిగాను. లిఫ్టు ఎటని వాచ్‌మన్‌ని అడిగి మరీ పైకెక్కాను. పాలు పొంగుతుంటే, "అమ్మా, ఈ ఇంట్లో మొదటి వంట మనదే!" అన్నాను.

అమ్మ నవ్వింది. "మొదటిది కాదులే పాపా. ఎవురో ఒకామె మనకంటే ముందే ఈడ వండింటాది. ఆయమ్మకూ ఒక గలాసు తీసిపెట్టు."

తీసిపెట్టాను. కథ రాసిన ఆ పదేళ్ళ పిల్లే గనక ఉండుంటే, అది తన గ్లాసేనని లాక్కుని తాగేసి, నా వైపు జాలిగా చూసేది.