అబ్నెర్ మాస్టారి మూగతనం

"...ఇంట్లో నా మీద లేచే నోరు అక్కడెందుకు లేవదని అడుగుతున్నా. అదొక్కటే అడుగుతున్నా."

"అరవకు. పక్కింటికి వినిపిస్తుంది."

"విననీ. నీకు నోరుందని ఈ వరసలో తెలియనిదెవరికి? తెలియంది ఆ షెడ్డులోవాళ్ళకే."

పక్కిల్లంటే నాదే. మా రెండు గదుల మధ్య ఉన్నది చెక్క గోడ. దగ్గినా వినిపిస్తుంది. తింటున్న పళ్ళెం పక్కన పెట్టి, వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, మా దేశపు పద్ధతిలో "గౌరవం!" అని పిలిచాను. లోపలివాళ్ళు "మర్యాద!" అని బదులిస్తేనే అడుగు పెట్టాలి.

"మర్యాదట! ఈయన్నడుగు, షెడ్డులో ఎక్కడైనా పారేసుకుని వచ్చాడేమో," అంది రోజ్‌మెన్ లోపల్నుంచి. "రా అన్నా, కూర్చో."

అబ్నెర్ మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రోజ్‌మెన్ చెల్లెలు లూసియెన్ మంచం మీద, ఇంకా పని బట్టల్లోనే, చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తోంది. ఆమె ఈ సరిహద్దు ఊరు తిహువానాకి వచ్చి ఆర్నెల్లు కాలేదు, ఇక్కడి స్పానిష్ ఇంకా రాదు. కార్ల సీట్లకు తోలు తొడుగులు కుట్టే ఫెర్మిన్ గారి షెడ్డులో మిషను మీద కూర్చుంటుంది. మాస్టారు అదే షెడ్డులో తోళ్ళు మోస్తాడు, ఊడుస్తాడు.

ఆ పొద్దున ఫెర్మిన్ గారు లూసియెన్‌ని పిలిచి, సరిహద్దు అవతలి వైపు నుంచి వచ్చిన పెద్ద బేరానికి తెప్పించిన తోళ్ళలో మూడు కనిపించడం లేదు, నువ్వు తీశావా అని అడిగాడు. ఆమె అవునంది. ఇంటికి పట్టుకెళ్ళావా అన్నాడు. అవునంది. సిగ్గులేదా అన్నాడు. దానికీ అవునంది.

"ఎందుకన్నావే?" అని అడిగాను.

"ఆయన ఏమడిగినా అవుననమని అక్కే చెప్పింది," అంది లూసియెన్ తలెత్తకుండా.

"పని వచ్చా అని అడిగితే అనమన్నాను! దొంగవా అని అడిగితే కాదు!" రోజ్‌మెన్ నవ్వబోయి ఆగిపోయింది.

శనివారం మధ్యాహ్నంలోగా తోళ్ళు తెచ్చివ్వకపోతే పోలీసులకు చెబుతానన్నాడట ఫెర్మిన్ గారు. పోలీసుల దాకా వెళ్తే ఆమెను ఇక్కడ ఉండనిచ్చే కార్డు పోతుంది. కార్డు పోతే మా దేశానికి, పోర్తో ప్రెన్స్‌కి విమానం ఎక్కిస్తారు. ఏ సందులో ఆమె మొగుణ్ణి గుమ్మం ముందే కాల్చేశారో, ఆ సందుకే. కాల్చినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఆమె వాళ్ళ ముఖాలు చూసింది, ఆ సంగతి వాళ్ళకు తెలుసు.

"తోళ్ళు ఎవరు తీశారో ఈయనకి తెలుసన్నా," అంది రోజ్‌మెన్. "చాతో తీశాడు, ఆ కత్తెర పనివాడు. అమ్మేశానని ఫోనులో ఎవడితోనో చెప్పుకుంటుంటే ఈయన పక్కనే కూర్చుని విన్నాడు. ఈయన ముందు ఎవరు ఏం దాచుకుంటారు? గోడ ముందు దాచుకుంటారా?"



అబ్నెర్ సెంవిల్ మాస్టారిది మా దేశంలో గ్రో-మోర్న్ అనే ఊరు. అక్కడి బడిలో ఇరవై ఏళ్ళకు పైగా ఫ్రెంచ్ చెప్పాడు. మేం ఇంట్లో మాట్లాడేది క్రెయోల్, బడిలో మాట్లాడాల్సింది ఫ్రెంచ్. ఆ బడిలో తప్పు మాట్లాడినవాడి మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవారు. ఇంకొకడు తప్పు మాట్లాడేదాకా అది వాడి మెడలోనే. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవడి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. చిన్నప్పుడు అది మాస్టారి మెడలో చాలా సాయంత్రాలు ఉందట. పెద్దయ్యాక ఆయనే పిల్లల మెడల్లో వేసేవాడు. మా దగ్గర ఆకలితో ఉన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. ఫ్రెంచ్ తప్పు మాట్లాడినవాణ్ణి మాత్రం వాడి పెళ్ళిలోనూ, వాడు పోయాక శవం దగ్గర జాగారంలోనూ కూడా గుర్తు చేసుకుని నవ్వుతారు. అందుకే చాలామంది తప్పు మాట్లాడేకన్నా నోరు మూసుకోవడం నయమనుకుంటారు. మాస్టారు వాళ్ళలో మొదటి వరస మనిషి.

భూకంపం తర్వాత బడి లేదు, జీతం లేదు. బ్రెజిల్ వెళ్ళి కాంక్రీటు మోశాడు. అక్కడ ఆ గుంపులో అందరూ మావాళ్ళే కాబట్టి పోర్చుగీసుతో పని పడలేదు. ఆ పని అయిపోయాక భార్యాభర్తలిద్దరూ అందరితో పాటు అడవులు దాటి ఇక్కడికి వచ్చారు. సరిహద్దు గోడ అవతలి దేశానికి వెళ్ళాలని వచ్చినవాళ్ళమే అందరం. మేం వచ్చేసరికి గేటు మూశారు. ఇక్కడే ఉండిపోయాం.

రోజ్‌మెన్ వచ్చిన వారంలోనే వీధి మలుపులో పొయ్యి పెట్టింది. వేయించిన పంది మాంసం, అరటికాయ బిళ్ళలు, కారం పట్టించిన క్యాబేజీ. ఆమె స్పానిష్‌లో సగం క్రెయోల్, మిగతా సగం చేతులు. కొనేవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమె వాళ్ళకన్నా గట్టిగా నవ్వేది.

"ఆ మాట అలా కాదు," అనేవాడు మాస్టారు చెవిలో.

"ఎలా అయితేనేం, మాంసం అయిపోయింది," అనేది ఆమె.

మాస్టారు మాత్రం పుస్తకం కొనుక్కుని, మొదటి పాఠం నుంచి చదివాడు. మూడు నెలలకు పేపరు చదివి మాకు అర్థం చెప్పేవాడు. నోటితో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఫెర్మిన్ గారి షెడ్డులో మనిషి కావాలట అని నేనే చెబితే వెళ్ళాడు. ఫెర్మిన్ గారు పేరేంటన్నాడు, ఊరేదన్నాడు, ఏం పని వచ్చన్నాడు. మాస్టారు జవాబు లోపల కూర్చుకుంటున్నాడు. ఒకసారి కూర్చాక అందులో తప్పేమైనా ఉందేమోనని మళ్ళీ చూసుకుంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"అయ్యో, మూగవాడు పాపం," అన్నాడు ఫెర్మిన్ గారు. చీపురు చేతికిచ్చాడు.

ఆ పూట మాస్టారు ఇంటికి వచ్చి ఇది చెబితే నేనూ రోజ్‌మెన్ కడుపు పట్టుకుని నవ్వాం. రేపు సరిగ్గా చెబుతానన్నాడు. రేపు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. వారం పోతే వారమంతా ఏం చేశావంటారు. అలా ఏడాదిన్నర గడిచింది. మూగవాడంటే చెవిటివాడు కూడా అనుకుంటారు మనుషులు. చాతో అయితే "ఒరేయ్ మూగన్నా" అని ముద్దుగా పిలుస్తూ, తన గొడవలన్నీ పక్కనే కూర్చుని ఫోనులో తీర్చుకునేవాడు. ఫెర్మిన్ గారి తల్లి ఎల్వీరా అమ్మగారు మధ్యాహ్నాల్లో మాస్టారికి గిన్నెలో బీన్స్ పెట్టి, పక్కనే కూర్చుని తిననిచ్చేది. ఆయనకి మాట రావాలని తాను కొలిచే పునీతుడికి మొక్కుకుంది. ప్రతి నెలా ఒక కొవ్వొత్తి. మాస్టారు తలూపి దణ్ణం పెట్టేవాడు.

"చెబుతాను," అన్నాడు మాస్టారు చివరికి, ఆ సాయంత్రం. "శనివారం చెబుతాను. నన్ను వాక్యం తయారుచేసుకోనీ."

"వాక్యం!" అంది రోజ్‌మెన్. "అన్నా, ఈయన ఇల్లు తగలబడితే నిప్పు అనే మాటకి ముందు పుస్తకం తెరుస్తాడు."

శనివారం రోజ్‌మెన్ పొయ్యి వెలిగించలేదు. నన్నూ రమ్మంది. వ్యాన్‌లో నలుగురం వెళ్తుంటే మాస్టారు కిటికీ వైపు తిరిగి పెదాలు కదుపుతూనే ఉన్నాడు. లూసియెన్ ఆయన పెదాలకేసే చూస్తోంది. ఆమెకు అందులో ఒక్క మాటా తెలియదు.

షెడ్డు గుమ్మంలో ఎల్వీరా అమ్మగారు కూరకి నాగజెముడు అట్టల ముళ్ళు కత్తితో గీకుతోంది. లోపల చాతో బల్ల మీద తోలు పరిచి సుద్దతో గీస్తున్నాడు. ఫెర్మిన్ గారు మమ్మల్ని చూసి, చేతుల్లో ఏమీ లేవని గమనించి, కుర్చీలోంచి లేవకుండానే "తోళ్ళేవీ?" అన్నాడు.

మాస్టారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, ఆ తోళ్ళను తీసుకున్నది లూసియెన్ కాదు. వాటిని అమ్మివేసినట్లు చాతో తన స్నేహితునితో ఫోనులో చెప్పుచుండగా నేను స్వయంగా విన్నాను. ఆమెకు మీ ప్రశ్న అర్థం కాలేదు."

ఒక మిషను ఆగింది. తర్వాత రెండోది. ఒక్క తప్పు లేదు ఆ మాటల్లో. నాకున్న కాస్త స్పానిష్‌తోనే తెలుస్తోంది. ఫాదిరీ కూడా అంత శుభ్రంగా మాట్లాడడు.

మొదట నవ్వింది చాతో. "మూగోడు మాట్లాడాడ్రోయ్!" అని చేతులు చరిచాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు ఫెర్మిన్ గారు.

మాస్టారు మళ్ళీ అదే చెప్పాడు, అక్షరం మారకుండా.

ఫెర్మిన్ గారు లేచి దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. ముఖంలో ఇంకేదో ఉంది. "నా పెళ్ళాం పోయినప్పుడు ఇదిగో, ఈ బల్ల మీద కూర్చుని నీ ముందు ఏడ్చాను. నా తమ్ముడి ముందు ఏడవలేదు. నీ ముందు ఎందుకు ఏడ్చానో తెలుసా? నువ్వు ఎవరికీ చెప్పలేవని."

"నేను ఎవరికీ చెప్పలేదు," అన్నాడు మాస్టారు.

"చూశారా అయ్యగారూ," అన్నాడు చాతో. "ఏడాదిన్నర మనందర్నీ వెర్రిపప్పల్ని చేశాడు. మరదలి మీదకి వచ్చేసరికి నోరొచ్చింది. ఇంతకాలం నటించినవాడు ఇంకో కథ చెప్పలేడా?"

ఫెర్మిన్ గారు తలూపాడు. నేనైనా ఊపేవాణ్ణే. అప్పటిదాకా గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడిన ఎల్వీరా అమ్మగారు దాన్ని కింద పడేసి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుస్తూ సిలువ గుర్తు వేసుకుంది.

"నటన ఏంట్రా పాపిష్టోడా! నా మొక్కు తీరింది. ఏడాదిగా వెలిగిస్తున్నాను. ఫెర్మిన్, దొంగెవడో చూపించడానికే స్వామి ఈయనకి మాటిచ్చాడ్రా. లేకపోతే ఇవాళే ఎందుకొస్తుంది?"

షెడ్డులో సగంమంది సిలువ గుర్తు వేసుకున్నారు. చాతో టోపీ తీసేశాడు. వాడి చేతిలో సుద్ద విరిగింది. ఫెర్మిన్ గారు తల్లిని చూశాడు, చాతోని చూశాడు. చాతో మీద ఆగిన చూపు తిప్పుకోలేదు.

ఎల్వీరా అమ్మగారు మాస్టారి చేతులు రెండూ పట్టుకుంది. "చెప్పు నాయనా. వీళ్ళందరి ముందూ చెప్పు. ఇవాళ పొద్దునే కదూ నీకు మాట వచ్చింది?"

రోజ్‌మెన్‌కి ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. భర్త వెనక్కి జరిగి, "తలూపు," అంది క్రెయోల్‌లో, పెదాలు కదపకుండా. "ఏం మాట్లాడకు. తల మాత్రం ఊపు."

మాస్టారు ఆ ముసలావిడ ముఖంలోకి చూశాడు. పెదాలు కదిలాయి. కూర్చుకుంటున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

"లేదమ్మా," అన్నాడు. "నాకు మొదటినుంచీ మాట్లాడటం వచ్చు."

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. ఏప్రాన్‌కి తుడుచుకుంది. ఎవరి సాయమూ లేకుండా లేచి, కత్తి తీసుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయింది. చాతో టోపీ పెట్టుకున్నాడు.

"మా అమ్మ ముఖం చూసి రెండు రోజులిస్తున్నా," అన్నాడు ఫెర్మిన్ గారు తన కుర్చీ దగ్గరికి వెళ్తూ. "సోమవారం పొద్దున స్టేషన్‌కి వెళ్తా. ఈలోగా మీ చావు మీరు చావండి. నువ్వు మళ్ళీ ఈ గుమ్మంలోకి రాకు."

తిరుగు వ్యాన్‌లో ఇంటికి వచ్చాం. దిగి గుట్ట ఎక్కుతుంటే లూసియెన్ అడిగింది, "బావ బాగా మాట్లాడాడా అక్కా?"

"చాలా బాగా మాట్లాడాడు," అంది రోజ్‌మెన్. "ఒక్క తప్పు లేదు."

గదిలోకి వెళ్ళాక లూసియెన్‌కి జరిగింది చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు. తాను విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని మంచం చివర కూర్చుంది, ఎవరో పిలవడానికి వస్తున్నట్టు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

"తలూపితే సరిపోయేది," అంది రోజ్‌మెన్ భర్తతో. గొంతు పెంచలేదు. "ఏడాదిన్నర ఊపావు. బీన్స్ తిని ఊపావు, కొవ్వొత్తికి ఊపావు. ఇంకొక్కసారి."

"అబద్ధం ఆడలేకపోయాను."

"మరి ఇంతకాలం ఆడింది?"

"ఇంతకాలం నేనేమీ అనలేదు రోజ్‌మెన్. అబద్ధం ఒక్కటి కూడా నా నోటితో అనలేదు. ఇవాళ అంటే..." ఆయన ఆగి, మాట వెతుక్కున్నాడు. తన సొంత భాషలోనే వెతుక్కుంటున్నాడు. "ఇవాళ అంటే, ఆ భాషలో నేను చెప్పిన మొదటి మాటల్లోనే ఉండేది ఆ అబద్ధం."

 రోజ్‌మెన్ మంచం కింద నుంచి బ్రెజిల్ నుంచి తెచ్చిన సంచి లాగి, దుమ్ము దులిపి, చెల్లెలి బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. అవి అయ్యాక గోడకున్న మేకు మీద నుంచి తన బట్టలు తీసింది. మాస్టారు లేచి తన చొక్కా అందివ్వబోయాడు. ఆమె అందుకోలేదు.

"రేపు పొద్దున బస్సుకి నేనూ లూసియెన్ మోంతెరే పట్నానికి వెళ్తున్నాం," అంది. "నువ్వు మాతో రావట్లేదు."